నేరేడు చెట్టుకు నోటీసు

ఆ కొమ్మ విరిగిపడినప్పుడు మా ఆవిడ గంగాభవాని దాని కింద లేదు. అర నిమిషం ముందు ఉంది.

మే నెల ఆఖరి వారం. పొద్దుటి నుంచి ఉక్కపోసి, మధ్యాహ్నం మూడింటికి ఒక్కసారిగా ఈదురుగాలి లేచింది. నేను ఉదయం షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి మజ్జిగ తాగుతున్నాను. పెరట్లో నేరేడు చెట్టు కింద బండ మీద ఆవిడ దుప్పట్లు ఉతుకుతోంది. లోపల ఫోను మోగింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ నన్ను దాటి లోపలికి వెళ్ళిందో లేదో, వెనక ఇనుప తాడు తెగినట్టు చప్పుడైంది.

ముప్పయ్యేళ్ళుగా నేను విశాఖ పోర్టులో క్రేను ఆపరేటర్ని. నా ఉద్యోగమంతా ఒకటే: పైన వేలాడే బరువు కింద మనిషి లేకుండా చూసుకోవడం. బండ మీద అడ్డంగా పడి ఉన్న ఆ కొమ్మని చూడగానే అది ఎంత తూగుతుందో తెలిసిపోయింది. రెండు క్వింటాళ్ళకి తక్కువ ఉండదు. బండ అంచున సబ్బు నురగ ఇంకా ఆరలేదు.

ఆవిడ ఫోను మాట్లాడి వచ్చి నా భుజం మీంచి చూసింది. "ఓలమ్మ! కొత్త దుప్పటి సిరిగిపోయుంటాది" అంది.

నేను గ్లాసు గట్టు మీద పెట్టి తలుపుకి చేరబడ్డాను. ఈ చెట్టు ఇక ఉండకూడదు అనుకున్నాను.

మా ఇల్లు పెందుర్తిలో. ఇప్పుడు వరసగా డాబాలున్న ఆ కాలనీ అంతా ఒకప్పుడు మా మామగారి పొలాలు. ప్లాట్లు వేసి అమ్మేశాక, చెట్టున్న మూల బిట్టుని మాత్రం ఆయన అమ్మకుండా కూతురి పేర పెట్టాడు. మాది కృష్ణా జిల్లా, అవనిగడ్డ వైపు. మా నాన్న పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోతే, నేనూ ఇక్కడే పెళ్ళి చేసుకుని ఇక్కడివాణ్ణయ్యాను.

భయమేసిందని భార్యకి చెప్పే అలవాటు మా ఇంట్లో మా నాన్నకీ లేదు, నాకూ లేదు. మర్నాడు అన్నం తింటూ, "ఆ చెట్టు కొట్టించేద్దాం. పాప కారు కొంటానంటోందిగా. పెరటి గోడ కాస్త తీసేస్తే పక్క రోడ్డులోంచి లోపలికి వస్తుంది. షెడ్డు వేద్దాం" అన్నాను.

ఆవిడ చారు వడ్డిస్తోంది. గరిటె గిన్నె మీద ఆగింది.

"కారెప్పుడు కొంతాదంట?"

"కొంటుందిలే. నీకెందుకు, నేను చూసుకుంటాను."

"ఊఁ" అంది.

పెళ్ళయిన ఇరవయ్యేడేళ్ళలో ఆ మాట నేను ఎన్నిసార్లు అన్నానో. ప్రేమతోనే అనేవాణ్ణి. గ్యాసు బండ, పాప కాలేజీ, అత్తగారి కంటి ఆపరేషను, ఇంటికి వేసే రంగు, అన్నీ నేనే చూసుకున్నాను. ఆవిడకి ఏ తలనొప్పీ లేకుండా చేస్తున్నానని గర్వంగా కూడా ఉండేది.

చెట్లు కొట్టే గవర్రాజుని పిలిపించాను. భుజాన మోకు వేసుకుని వచ్చాడు. చెట్టు చుట్టూ ఓసారి తిరిగి, మొదలు మీద అరచేత్తో చరిచాడు.

"మంచి సెట్టు బాబూ. నేరేడు సెక్క నీళ్ళల్లో నానినా కుళ్ళదు. మరి కాయితం తెచ్చినారా?"

"ఏం కాగితం?"

"పర్మిషను. సొంత సోటైనా, సొంత సెట్టైనా పర్మిషను నేకండా కొట్టకూడదు. మొన్నొకాయన మాట నమ్మి మా తమ్ముడు ఏప సెట్టు కొట్టీసినాడు. ఆయనకి ఫైనేసినారు, మావోడి రంపం పట్టుకుపోనారు. మీరు కాయితం తెండి, ఆ మర్నాడే వత్తాను."

"నా ఇంట్లో నా చెట్టు కొట్టుకోడానికి ఎవడి పర్మిషనయ్యా?" అన్నాను గట్టిగా.

వెనక మెట్టు మీద కూర్చుని ఆకుకూర బాగుచేసుకుంటున్న గంగాభవాని తల ఎత్తలేదు.

వార్డు సచివాలయానికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి కంప్యూటరులో చూసి, "స్థలం ఎవరి పేర ఉందండీ?" అని అడిగింది.

"మా ఆవిడ పేర."

"అయితే ఆవిడే అర్జీ పెట్టాలి సార్."

ఫారం ఇంటికి తెచ్చి, అంతా నేనే నింపాను. కారణం అన్నచోట 'కారు షెడ్డు నిర్మాణం' అని రాశాను. ఆవిడ చేపలు కడుగుతోంది. పిలిస్తే చేతులు కడుక్కుని వచ్చి, "ఎక్కడ?" అంది. వేలు పెట్టి చూపించాను. సంతకం పెట్టేసి మళ్ళీ చేపల దగ్గరికి వెళ్ళిపోయింది. పదో తరగతి ఫస్టు క్లాసులో ప్యాసైన మనిషి. ఏం రాశారని ఆవిడ అడగలేదు. నేను చదివి వినిపించలేదు.

జూన్ రెండో వారంలో ఉద్యాన విభాగం నుంచి హిమబిందు అనే ఆఫీసరమ్మ వచ్చింది. ముప్పయ్యేళ్ళుంటాయేమో. ఒక టేపు, ఒక అట్ట, ఫోను. అప్పటికి మొదటి కాపు పండి రాలడం మొదలైంది. పెరడంతా ఊదా మచ్చలు. రొమ్ము ఎత్తున టేపు చుట్టబోతే ఆ అమ్మాయి చేతులు చాల్లేదు. గంగాభవాని వెళ్ళి రెండో కొస పట్టుకుంది.

"నూట తొంభై సెంటీమీటర్లు" అని రాసుకుని, "ఎన్నేళ్ళ చెట్టండీ?" అని నన్నడిగింది.

"ఒక యాభై…" అన్నాను.

"నా కన్నా పెద్దది" అంది గంగాభవాని. అంతే అంది. గిన్నెలోంచి దోసెడు పళ్ళు తీసి ఆ అమ్మాయి ముందు పెట్టింది.

"డ్యూటీలో ఏమీ తీసుకోకూడదమ్మా."

"పళ్ళే కదమ్మా. నేలపాలవుతన్నాయి."

ఆ అమ్మాయి ఒక్కటి నోట్లో వేసుకుంది. వగరుకి కళ్ళు మూసుకుని, తర్వాత ఇంకోటి వేసుకుంది. ఫొటోలు తీసుకుని, వెళ్తూ వెళ్తూ గేటుకి ఒక కాగితం అంటించింది. ఫలానా డోరు నంబరులో ఒక నేరేడు చెట్టును తొలగించేందుకు అనుమతి కోరారు, అభ్యంతరం ఉన్నవారు రెండు వారాల గడువులోగా రాతపూర్వకంగా తెలపవచ్చు అని అందులో ఉంది. కింద 'అర్జీదారు: గంగాభవాని'.

ఆ సాయంత్రం మా అమ్మాయి యశస్విని మధురవాడ ఆఫీసు నుంచి వచ్చి క్యాబు దిగి, గేటు దగ్గరే నిలబడి అది మొత్తం చదివింది. లోపలికొచ్చి బ్యాగు సోఫాలో పడేసింది.

"నాన్నా, షెడ్డు నా కారుకా? ఏదీ కారు? నేనింకా ఏ కారో కూడా అనుకోలేదు."

"నీకెందుకమ్మా…"

"ఆఁ, నువ్వు చూసుకుంటావు" అంది. తర్వాత తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వేం అనవా?"

గంగాభవాని చీపురు పుచ్చుకుని రాలిన పళ్ళని ఒక పక్కకి ఊడుస్తోంది. "మీ నాన్నకి తెలుసు కదమ్మా" అంది.

ఆ రెండు వారాలు ఇల్లు మామూలుగానే ఉంది. రోజూ పొద్దున్నే కాలనీ ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకొచ్చేవారు. షుగరుకి మంచిదని ఒకరు, పిల్లలు అడుగుతున్నారని ఒకరు. గంగాభవాని అందరికీ ఇచ్చేది. "ఈ ఏడు తినీయండి" అనేది నవ్వుతూ. ఆ నవ్వు నేను షిఫ్టుకి తయారవుతూ కిటికీలోంచి చూసేవాణ్ణి. బాగానే ఉంది, సర్దుకుంది అనుకునేవాణ్ణి. గాలి వీస్తే మాత్రం బట్టలు మేడ మీద ఉతుక్కోమని కసిరేవాణ్ణి. ఎందుకో చెప్పేవాణ్ణి కాదు.

గడువు రేపటితో ముగుస్తుందనగా సచివాలయం నుంచి ఫోను. "ఒక అభ్యంతరం వచ్చింది సార్. సోమవారం మీరూ మేడమూ జోనల్ ఆఫీసుకి రావాలి."

"ఎవరు పెట్టారు?"

"అక్కడ చెప్తారు సార్."

నాకు చిర్రెత్తుకొచ్చింది. వెనకింటి శ్రీరామ్మూర్తి మీదకి వెళ్ళింది అనుమానం. అతను మా ఆవిడ ఊరివాడు, వరసకి అన్న. ఆ పొలాల్లో కలిసి పెరిగారు. చెట్టు మీద ప్రేమ ఉంటే అతనికే ఉండాలి. చెప్పులేసుకుని నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"ఏం బావా, నాతో చెప్తే వినేవాణ్ణి కదా. ఆఫీసులకెక్కడం ఎందుకు?"

"నానేటి ఎక్కినాను?"

"అభ్యంతరం పెట్టింది నువ్వే కదా?"

పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నాకేటి అభ్యంతరం బావా! ఆ సెట్టు ఆకులన్నీ మా డాబా మీదే పడతాయి. ఊడ్సి ఊడ్సి మీ సెల్లి నడుం పోతంది. కొట్టిత్తే నాకు సుకమే."

"మరి ఎవరు?"

"నాకు తెల్దు." నా వైపు వంగి, "ఒకటడుగుతాను, కోప్పడకు. కొట్టీమని గంగ అందా?" అన్నాడు.

"ఎందుకనదు? సంతకం కూడా పెట్టింది."

శ్రీరామ్మూర్తి నా మొహంలోకి చూశాడు. "సరే మరి. టీ తాగెల్లు" అన్నాడు.

టీ తాగకుండా వచ్చేశాను. ఇంటికొచ్చి, "మీ అన్న అబద్ధాలు కూడా నేర్చాడు" అన్నాను. గంగాభవాని బియ్యం ఏరుతోంది. "ఆడు అబద్దం ఆడడు" అంది.

సోమవారం సెలవు పెట్టాను. ఆవిడ పెళ్ళిళ్ళకి కట్టుకునే ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఆఫీసుకి అంత చీరెందుకని అడుగుదామనుకుని ఊరుకున్నాను. స్కూటరు మీద దారంతా ఆవిడ నా భుజం మీద వేసిన చెయ్యి ఎప్పటికన్నా గట్టిగా పట్టుకుని ఉంది.

హిమబిందు మమ్మల్ని కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది. ఫైలు తెరిచి, ఎలా మొదలుపెట్టాలో తెలియనట్టు ఒక నిమిషం చూసింది.

"కొంచెం చిత్రంగా ఉంది సార్. అర్జీ పెట్టిందీ మేడమే. అభ్యంతరం పెట్టిందీ మేడమే."

గీతల కాగితం ఒకటి నా వైపు జరిపింది. ఆ గుండ్రటి చేతిరాత నేను కిరాణా చీటీల మీద తప్ప ఎక్కడా చూడలేదు.

'ఆఫీసరు గారికి. నా పేరు గంగాభవాని. మా పెరట్లో నేరేడు చెట్టు కొట్టడానికి నాకు అభ్యంతరం ఉంది. అర్జీ మీద సంతకం కూడా నాదే. మావారు చూపించిన చోట సంతకం పెట్టడం నాకు అలవాటు. ఆయన మంచివారు. ఆయన మీద కోపంతో ఇది రాయడం లేదు. ఏం చేసినా మా కోసమే చేస్తారు. అందుకే ఎదురుగా చెప్పలేకపోయాను. అభ్యంతరం ఉంటే చెప్పమని మీరు గేటుకి నోటీసు అంటించారు. నన్ను అలా అడగడం ఇదే మొదటిసారి.

మా కాలనీ అంతా మా పొలమే. మా గట్టు ఎక్కడ ఉండేది, నుయ్యి ఎక్కడ ఉండేది అని ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. ఈ చెట్టు దగ్గర నిలబడితే చెప్పగలను. మా నాన్నకి గంజి తెచ్చి దీని కిందే పెట్టేదాన్ని. పెళ్ళయి నేను ఏ ఊరూ వెళ్ళలేదు. నేను ఉన్నచోటే ఉన్నాను, ఊరు వెళ్ళిపోయింది. ఇది కూడా పోతే నేను ఎక్కడ ఉన్నానో నాకు తెలియదు. కాబట్టి అనుమతి ఇవ్వవద్దని కోరుతున్నాను. ఈ సంగతి మీద ఆయన్ని ఏమీ అనవద్దు. ఇట్లు, గంగాభవాని.'

రెండుసార్లు చదివాను. మూడోసారి చదవబోతే అక్షరాలు సరిగ్గా కనబడలేదు. పక్కకి చూస్తే ఆవిడ పర్సు జిప్పు తీస్తూ, వేస్తూ ఉంది. ఇరవయ్యేడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. మా కాలనీలో తన ఊరు వెతుక్కుంటూ తిరుగుతున్న మనిషిని నేను ఒక్కరోజూ చూడలేదు.

"సార్, మీరు చెప్పండి. షెడ్డు తప్పదా?" అంది హిమబిందు.

"షెడ్డు కాదండీ" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట వస్తుందని నాకే తెలియదు. "మే నెలలో కొమ్మ విరిగింది. ఈవిడ అప్పుడే లేచి వచ్చింది. ఫోను మోగి ఉండకపోతే… ఫోను మోగిందండీ, అంతే." చేతిలో కాగితం బల్ల మీద పెట్టాను. "అప్పట్నుంచీ నాకు ఆ బండే కనబడుతోంది."

గంగాభవాని చెయ్యి జిప్పు మీద ఆగిపోయింది. నా వైపు పూర్తిగా తిరిగింది.

"మరి కారన్నారు?"

"భయమేసిందని ఎలా చెప్పను?"

"నోటితో సెప్పాల" అంది మెల్లగా.

"నువ్వు చెప్పావా?"

ఆవిడ జిప్పు లాగి పర్సు మూసేసింది. హిమబిందు తల దించుకుని ఫైల్లో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. వెతకడానికి అందులో నాలుగు కాగితాలు కూడా లేవు.

ఫైలు మూసి, "చెట్టు మొత్తం తియ్యక్కర్లేదు సార్" అంది. "ఈ అర్జీ వెనక్కి తీసుకుంటున్నట్టు రాసివ్వండి. ప్రమాదంగా ఉన్న కొమ్మల వరకు కొట్టుకోడానికి వేరే అర్జీ పెట్టండి. నేనొచ్చి ఏ కొమ్మలో గుర్తు పెట్టి వెళ్తాను." ఒక కొత్త ఫారం బల్ల మీద పెట్టింది.

నేను అలవాటుగా జేబులోంచి పెన్ను తీశాను, దాని మూత కూడా తీశాను. అక్కడ ఆగాను. ఫారంనీ పెన్నునీ ఆవిడ ముందుకి జరిపాను.

ఆవిడ నింపడానికి చాలాసేపు పట్టింది. ప్రతి గడీ చదివి, ఆలోచించి రాసింది. సర్వే నంబరు నన్నడుగుతుందనుకున్నాను. పొల్లు పోకుండా తనే రాసింది. కారణం అన్నచోట ఆగి, "ఏటి రాయమంతారు?" అంది.

"నువ్వే రాయి."

రాసి ఇచ్చింది. హిమబిందు చదివి, నవ్వు ఆపుకోలేక చెయ్యి అడ్డం పెట్టుకుంది. 'మావారికి భయం' అని ఉంది.

"నిజమే గానీ మేడం, ఇది ఫైల్లోకి వెళ్తుంది. 'ప్రమాదకరమైన కొమ్మలు' అని రాయండి."

గంగాభవాని కొట్టేసి మళ్ళీ రాసింది. కొట్టేసిన మాట మాత్రం చక్కగా కనబడుతూనే ఉంది.

జులైలో కాయ అయిపోయాక గవర్రాజు వచ్చాడు. హిమబిందు సున్నంతో గుర్తు పెట్టిన కొమ్మలు మూడు. మోకు బిగించి పైకెక్కి, "ఏది ముందు బాబూ?" అని నన్నడిగాడు.

"అమ్మగారిని అడుగు" అన్నాను.

గంగాభవాని కొంగు నడుముకి దోపుకుని చెట్టు కింద నిలబడింది. నేను చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగాను. అక్కణ్ణుంచే చెప్పింది. ఏది ముందు, ఎక్కడికి కొయ్యాలి, ఏ చిన్న రెమ్మ ఉంచాలి. మొదటి కొమ్మ మోకు మీద నెమ్మదిగా దిగింది. మోకు రెండో కొస నా చేతుల్లో ఉంది. బరువు దించడం నాకు తెలిసిన పని. రెండోది దిగేటప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మూడోదానికి, "అది వద్దు, ఒగ్గీ" అంది గవర్రాజుతో.

నేను అసలు తీయించాలనుకున్నది అదే. ఇంటి కప్పు మీదకి వాలి ఉంది. "అదే ప్రమాదం" అన్నాను. వద్దంది. తియ్యాలన్నాను. గవర్రాజు కొమ్మ మీద కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. పెళ్ళయ్యాక మేమిద్దరం బాహాటంగా పోట్లాడుకోవడం అదే మొదలేమో. శ్రీరామ్మూర్తి డాబా మీంచి తొంగిచూసి, నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. చివరికి సగానికి కోయించాం. ఇద్దరికీ తృప్తి లేదు.

ఉతికే బండని గడ్డపారతో పెకలించి, ఆవిడ చెప్పిన చోటికి, పెరడు అవతలి మూలకి జరిపాను. నడుం పట్టేసి రెండు రోజులు షిఫ్టుకి వెళ్ళలేదు.

పాప ఇంకా కారు కొనలేదు. నేను ఇప్పటికీ ఒక్కోసారి "నీకెందుకు" అనేస్తుంటాను. ఆవిడ పని ఆపి నా వైపు చూస్తుంది. మిగతా మాట నా నోట్లోనే ఉండిపోతుంది.

అక్టోబరులో వాయుగుండం వచ్చింది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. క్రేన్లని కదలకుండా బిగించి, మమ్మల్ని ఇళ్ళకి పంపించేశారు. నేను పెందుర్తి చేరేసరికి రోడ్ల మీద ఎవరూ లేరు. పట్టపగలే చీకటి పడ్డట్టుంది. వెనక గది కిటికీలోంచి చూస్తే చెట్టు నిలువెల్లా ఊగుతోంది. ఆకులన్నీ తిరగబడి వెల్లవెల్లగా కనబడుతున్నాయి.

గంగాభవాని వచ్చి పక్కన నిలబడింది.

"బయమేత్తందా?"

"వేస్తోంది" అన్నాను.

"నాకూను" అంది.

గాలి ఇంకాస్త పెరిగింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"ముందుగదిలోకి వెళ్దామా? నువ్వేమంటావు?"

ఆవిడ చెట్టు వైపు చూసింది, ఇంటి కప్పు వైపు చూసింది, నా వైపు చూసింది. నేను ఆగాను.

"ఈడే కూకుందాం" అంది.

వెళ్ళి రెండు కుర్చీలు తెచ్చాను.